గోడ ఇవతలి మోకాళ్ళు

"వంటింట్లకెల్లి అన్ని మంచిగనే ఇనవడ్తయి గదా, ఇగ నీకు కుర్చీ ఎందుకు?" అన్నాడు మా ఆయన, నేను బజ్జీల కోసం మిరపకాయలు చీలుస్తుంటే. నేను అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. ఈ నెల సభలో ఏదో ఒక మూల కుర్చీ వేసుకుని, ఒక్క ఉపన్యాసం మొదటి నుంచి చివరిదాకా వింటానన్నాను. "మరి బజ్జీలెవరు వేస్తరు, మాట్లాడనీకి వచ్చే డాక్టరమ్మ వేస్తదా?" అని తన హాస్యానికి తనే మురిసిపోయి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనేనని చెప్పాలంటారా?

మా ఆయన ఈశ్వరయ్య బస్సు కండక్టరుగా చేరి, డిపోలో కంట్రోలరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు శంషాబాద్‌లో మా బస్తీ విశ్రాంత ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి. నెలకో ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో అందరూ చేరి, తెలిసినవాళ్ళెవరినైనా పిలిచి మాట్లాడిస్తారు. హాలుకు ఆనుకుని వంటగది, మధ్యలో ఒక గోడ, ఒక తలుపు. మగవాళ్ళు గోడకు అటు, ఆడవాళ్ళం ఇటు. ఇలా ఉండాలని ఎవరూ తీర్మానం చేయలేదు. మొదటి నెల "జర చాయ్ పెడ్త" అని నేనే లేచాను. అంతే, మళ్ళీ కూర్చున్నది లేదు. నా సంగతి సరే, నాకు ఉద్యోగం లేదు, పెన్షన్ లేదు. ప్రసన్నలక్ష్మక్క బతుకంతా సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, సంఘంలో తన పేరు మీదే సభ్యురాలు. ఆమె కూడా నా పక్కన నిలబడి శనగపిండి కలుపుతుంటుంది. విశ్రాంతి ఆమె పదవికే గానీ చేతులకు రాలేదు.

విమానాల సంగతి కూడా చెప్పాలి. తల మీదుగా విమానం పోతుంటే మాట మధ్యలో ఆగి, అది పోయాక అక్కడినుంచే అందుకోవడం మా ఊళ్ళో అందరికీ అలవాటు. పెళ్ళిలో అయ్యవారు కూడా మంత్రం ఆపి ఆకాశం వైపు చూస్తాడు. మా సభలో దానికి ఒక పద్ధతి ఉంది. మోత మొదలు కాగానే మా ఆయన, బస్సు ఆపించే కండక్టరులాగే, చెయ్యెత్తి "ఓల్డాన్" అంటాడు. మాట్లాడే మనిషి ఎంత గొప్పవాడైనా ఠక్కున ఆగాల్సిందే. మోత పోయాక "రైట్, రైట్" అంటాడు, ఉపన్యాసం మళ్ళీ కదులుతుంది. ఆ రెండు మాటలు అనేటప్పుడు ఆయన ముఖం ఎంత వెలుగుతుందో. ఎన్ననుకున్నా, ఆ ముఖమంటే నాకిష్టం. వంటగదిలో మాత్రం ఓల్డాన్ లేదు. పని ఆగనప్పుడు మాట ఎందుకు ఆగుతుంది? మోత పెరిగితే మేమూ గొంతు పెంచుతాం.

గోడ ఇవతల నుంచి నేను విన్న ఉపన్యాసాలన్నీ సగం సగమే. ఒకసారి ఎవరో తేనెటీగల గురించి చెప్పారు. తేనె దొరికిన ఈగ గూటికి తిరిగొచ్చి, మిగతావాటికి దారి చెప్పడానికి ఆట ఆడుతుందట. ఎట్లా ఆడుతుందో చెప్పబోతుండగా నా మూకుడులో నూనె చిటపటమంది. ఆ రాత్రి మా ఆయనను అడిగాను, ఈగ ఆటేందని. "ఏ ఈగ?" అన్నాడు. పాపం, ముందు వరసలో కునుకు తీసినట్టున్నాడు. నాకు కోపం కాదు, కడుపుమంట. వినే చెవులు వంటగదిలో, ఖాళీ చెవులు కుర్చీల్లో.

ఈ నెల అత్తాపూర్ నుంచి ప్రియదర్శిని అనే డాక్టరమ్మ వచ్చింది. విషయం, మోకాళ్ళ నొప్పులు. మైకులో ఆమె గొంతు వినిపిస్తోంది. "ఎక్కువసేపు నిలబడకండి. బరువైన గిన్నెలు ఎత్తకండి. మాటిమాటికీ కింద కూర్చుని లేవకండి." ఆ మాట చెవిన పడేసరికి నేను కింద చాయ్ గ్లాసులు సర్ది, గట్టు పట్టుకుని లేస్తున్నాను. మోకాలు కలుక్కుమంది. ప్రసన్నలక్ష్మక్క నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. ఇద్దరికీ నవ్వాగలేదు.

అప్పుడే విమానం. అటు మా ఆయన "ఓల్డాన్" అన్నాడు. ఇటు నేను, మోతను మించి అరిచినట్టే చెప్పాను.

"వాళ్ళ మోకాళ్ళు ఏడ అరిగినయి అక్కా, కూసున్న కాడికే చాయ్ వస్తుంటె? అరిగిన మోకాళ్ళన్ని గోడ ఇవతలున్నయి. గా డాక్టరమ్మ ఉత్తగ కుర్చీలకు చెప్తున్నది."

విమానం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. అరిగిన మోకాళ్ళ మాట దగ్గర్నుంచి అంతా నిశ్శబ్దంగా ఉన్న హాల్లో గంట కొట్టినట్టు మోగింది. భయమైతే వేసింది గానీ, తప్పు మాట్లాడాననిపించలేదు.

తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. "ఏందే స్వరాజ్యం, ఇజ్జత్ తీస్తివి. జర మెల్లగ మాట్లాడరాదా?"

నేను నోరు తెరిచేలోపు మైకులోంచి డాక్టరమ్మ నవ్వు వినిపించింది. "గోడ అవతల ఎవరమ్మా? నిజం చెప్పారు. ఆ మోకాళ్ళు ఇటు వస్తే గానీ నేను మళ్ళీ మొదలుపెట్టను."

హాల్లో చప్పట్లు. అధ్యక్షుడు మొగులయ్య సారు లేచి తన కుర్చీ మా వైపు తిప్పాడు. ప్రసన్నలక్ష్మక్క పిండి చేతులు కడుక్కుని, ఇన్నాళ్ళూ దీనికోసమే కాచుకున్నట్టు చకచకా వెళ్ళిపోయింది. నేను మాత్రం కదల్లేదు. పొయ్యి మీద నూనె కాగుతోంది, మూకుడులో బజ్జీలు సగం వేగాయి. వదిలి వెళ్తే మాడిపోతాయి. ఇన్నేళ్ళూ నన్ను ఆపింది మా ఆయన కాదేమో, ఈ మాడిపోతాయన్న బెంగేనేమో. చేతిలో జల్లిగరిటె వంక చూశాను. తర్వాత ఆయన చేతిలో పెట్టాను.

"ఎర్రగైతె తియ్యి," అన్నాను.

"నాకేం తెలుస్తది? నేను కార్యదర్శిని. మరి నేనెట్ల ఇనాలె?"

"ఈడికెల్లి అన్ని మంచిగనే ఇనవడ్తయి గదా," అన్నాను. కోపంగా కాదు, నవ్వుతూనే.

మొదటి వరసలో, మొగులయ్య సారు ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాను. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్త పోచమ్మ "అందరు తిన్నంక కూసుందువు గాని" అనేది. ఇన్నేళ్ళయినా అందరూ తినడం పూర్తి కాలేదు. వెన్ను ఆనించి కాళ్ళు బార చాపాను. ఎంత హాయిగా ఉందో ఎట్లా చెప్పను. డాక్టరమ్మ నా మోకాలు దగ్గర వంగి, కుర్చీలో కూర్చునే కాలు నిటారుగా ఎత్తి పట్టుకోవడం నేర్పింది. హాల్లో అందరూ కాళ్ళెత్తారు, మొగులయ్య సారు పంచె సర్దుకుంటూ మరీ. అందరం చిన్నపిల్లల్లా నవ్వాం. వంటగదిలోంచి మిరపకాయ ఘాటుకు దగ్గు, మధ్యమధ్య "అబ్బా" అన్న మాట వినిపిస్తున్నాయి. నేను లేవలేదు.

"అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తాను," అంటుండగా మళ్ళీ విమానం. అలవాటు చేసుకున్న డాక్టరమ్మ తనే ఆగింది. ఎత్తిన కాళ్ళు ఎత్తినట్టే ఉంచి అందరం ఎదురుచూశాం. మోత మెల్లమెల్లగా శ్రీశైలం రోడ్డు వైపు వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన మనిషి వంటగదిలో ఉన్నాడు, బజ్జీలు తిప్పుతున్నాడు. డాక్టరమ్మ అటూ ఇటూ చూసింది. అందరూ తలుపు వైపు చూస్తున్నారు.

నేను చెయ్యెత్తాను.

"రైట్, రైట్," అన్నాను.