తొర్ర చెట్టుకు ధర

అట్టముక్క, నేననుకున్నదే, వేలి కణుపుతో ఇలా టకటకలాడించగానే బయటపడిపోయింది, పైన ముదురు చెక్క రంగులో పల్చటి తొడుగు, లోపల అట్టా జిగురూ, హాలంత పొడుగున్న ఈ బల్ల మీద దేశంలోని అడవులన్నిటికీ విధానం రాస్తారట, చెక్కంటే ఏమిటో బల్లకే తెలీదు, చుట్టూ కూర్చున్నవాళ్ళకు తెలుస్తుందా, పక్కనున్న గుమ్మాలాయన, ఊళ్ళో సగం ఇళ్ళకు తలుపులు అమ్మినవాడు, ఏం బావా, బల్లను కూడా బేరమాడేస్తావా అని గొణిగాడు, ఊరికే ఇచ్చినా మోయను పోవయ్యా అన్నాను, కిసుక్కుమన్నాడు, వాడి నవ్వూ బోలే, మనుషుల్ని కూడా కణుపుతో కొట్టి వినే వీలుంటే ఈ హాలంతా డప్పుల మోత మోగేది, టీ వచ్చింది, కాగితం కప్పులో, కప్పు మీద చెట్టును కాపాడండి అని ఆకుపచ్చ అక్షరాలు, తాగి నలిపి పారేసేదాని మీద రాయడానికి ఇంతకన్నా మంచి మాట దొరకలేదు కాబోలు.

వేదిక మీద మా అల్లుడు, అడవి మీద పెద్ద చదువు చదివినవాడు, ఆ చదువు సంగతి అడవికి చెప్పాడో లేదో తెలీదు, తెర మీద గీతలు చూపిస్తూ ఊపిరికొకసారి సుస్థిరం అంటున్నాడు, మా బజారులో ఎవడు నిఖార్సు నిఖార్సని ఎక్కువ అరుస్తాడో వాడి సరుకే పుచ్చు, ఈ ముసాయిదా రాసింది ఆయనే, మా కలప వ్యాపారులందరూ ఏకగ్రీవంగా చేతులెత్తితే చాలు, రేపటికల్లా పైవాళ్ళ బల్ల మీద ఉంటుంది, ఆ బల్ల కూడా అట్టదేనేమో, మొదటి పని మా ఊరి కొండ ఎగువ వాలు అడవిలో, ఎండిన చెట్లూ తొర్ర చెట్లూ అన్నీ కొట్టేసి కాగితపు గుజ్జు ఫ్యాక్టరీకి అమ్మడం, ఖాళీ అయిన చోట తొందరగా పెరిగే మొక్కలు వరుసగా నాటడం, ఆనక దేశమంతా అదే పద్ధతి, చెత్తను సంపద చేయడమంటే ఇదీ అని చెప్పి ఆగాడు, చప్పట్ల కోసం, కొట్టారు, గుమ్మాలాయన అందరికన్నా గట్టిగా కొట్టాడు, ఆ మొక్కలు గుమ్మానికి పనికిరావని తెలిసి కూడా, చెట్లు మోసుకొచ్చే కాంట్రాక్టు మన సంఘానికేనట బావా, పదేళ్ళ తర్వాత సంగతి పదేళ్ళ తర్వాత చూసుకుందాం అని చెవిలో ఊదాడు.

పొద్దున అమ్మాయి ఫోన్లో, నాన్నా, ఈ ఒక్కసారికి ఏమీ అనకుండా చెయ్యెత్తు, ఆయన ఏడాదిగా దీనికోసం తిండీ నిద్రా మానేశారు, నువ్వు అడ్డం తిరిగితే ఇంట్లో నేనెలా తలెత్తుకోవాలి, ఈ హాలు వాకిట్లోనే అల్లుడు ఎదురొచ్చి, మామయ్యా, సంఘం అధ్యక్షులు మీరు, మీరు ఎత్తితే మిగతావాళ్ళంతా మిమ్మల్ని చూసి ఎత్తేస్తారు, నేనన్నాను, బాబూ, ఆ తొర్ర చెట్ల జోలికి మాత్రం పోకండి, ఎందుకు మామయ్యా, చచ్చిన సరుకు కదా, ఇన్నేళ్ళ వ్యాపారంలో మీరే ఒక్కటీ కొనలేదు కదా, అని నవ్వాడు, నాకు బదులు దొరకలేదు, బేరంలో నోరు మూతపడటం నాకు అలవాటు లేదు, అదే అప్పటినుంచీ గోటి కింద చెక్కపేడులా గుచ్చుకుంటోంది, నేనే కొనలేదు, నిజమే, ఎందుకు కొనలేదు, మా పెదనాన్న గొడ్డలి తిరగేసి మొదలు మీద ఒక్క దెబ్బ వేసి చెవి ఆనించేవాడు, బోలుగా మోగితే, వదిలెయ్యండిరా, కూలి దండగ, అనేవాడు, దాని మీద ప్రేమతో కాదు, చెట్టుకు దణ్ణం పెట్టే రకం కాదాయన, కోయించిన కూలి కూడా రాదని, అలా తాతల నాటినుంచి కొట్టి, విని, తిట్టి వదిలేసినవే ఆ వాలు నిండా, లోపల గబ్బిలాలు, పైన కొమ్మల నిండా కాయలు, గుండె పుచ్చిపోయినా కాపు మానని ముసలి మొండివి, వాటి కింద నడుస్తుంటే గింజల మీద కాలు జారేది, ఒకసారి వెల్లకిలా పడ్డాను, లేచి చూస్తే చుట్టూ బెత్తెడు మొలకలు, మేం కొట్టి పట్టుకుపోయిన ప్రతి మంచి చెట్టూ మళ్ళీ ఎక్కణ్ణుంచి లేచిందనుకున్నారు, మేం నాటామా, మా మొహం, ఈ పెద్దమనుషులు నాటారా, వీళ్ళు నాటేది ఫొటోకి.

ఇక అందరూ చేతులెత్తితే అన్నాడు పెద్ద అధికారి గడియారం చూసుకుంటూ, భోజనం చల్లారిపోతుందన్న బాధ తప్ప వేరే బాధ లేని మొహం, గుమ్మాలాయన చెయ్యి ముందే లేచింది, వెనక వరసలన్నీ లేచాయి, గాలి ఎటు వీస్తే అటు ఊగే చేతులు, జేబులో ఫోను వణికింది, అమ్మాయే అయ్యుంటుంది, అల్లుడు నావైపు చూసి నవ్వాడు, నా చెయ్యి ఒళ్ళోనే ఉంది, ఆ నవ్వు అంచుల దగ్గర ఎండటం మొదలుపెట్టింది, పెద్దాయనా, మీ చెయ్యి, అన్నాడు అధికారి, లేవదండీ, అన్నాను, అభ్యంతరం ఏమిటో సెలవిస్తే, ఏం లేదండీ, ఆ తొర్ర చెట్లకు ధర కట్టకండి, అంతే, హాలంతా గొల్లున నవ్వింది, వ్యాపారి ధర వద్దంటాడేమిటని, గుమ్మాలాయన ఎత్తిన చెయ్యి దించాలో ఉంచాలో తెలీక తల గోక్కున్నాడు, అల్లుడు మాత్రం నవ్వలేదు, అమ్మాయి మొహం ఆయన మొహంలో కనిపించింది, ఇవాళ సాయంత్రం ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు, పుట్టకపోతే పోనీ, నవ్వుకోండి నాయనా, పొద్దున దొరకని బదులు ఇప్పుడు దొరికింది, మీ చదువూ కాపాడలేదు, మా మంచితనమూ కాపాడలేదు, మాకసలు అది లేదు, ఆ అడవి చుట్టూ ఇన్నాళ్ళూ ఉన్న కంచె ఒక్కటే, ఆ ముసలి చెట్లను ఎవడూ కొనకపోవడం.