కత్తెర పడిన తోకచుక్క

షికాగో పక్కనున్న షామ్‌బర్గ్ తెలుగువాళ్లలో ఎవరింట పుట్టినరోజైనా, ఎవరమ్మాయి డాన్స్ ప్రోగ్రామైనా ఫొటోలు తీసేది జగన్మోహనే. వారమంతా కంపెనీలో ఇంజనీరు. శనాదివారాలు వస్తే మెడలో రెండు కెమెరాలు వేలాడేసుకుని పెళ్లికొడుకుని కూడా గదమాయించి నిలబెట్టేవాడు. అందరూ నోరెత్తకుండా అతను చెప్పినట్టు నిలబడేవాళ్లు. అతనికి కావలసిందీ అదే.

ఎనభై అయిదులో హేలీ తోకచుక్క వస్తోందని టీవీలో ఒకటే గోల. డెబ్భై ఆరేళ్లకోసారి వస్తుందట. బ్యాంకులో టెల్లరుగా పనిచేసే అతని భార్య రాధారాణి ఒక సాయంత్రం అడిగింది.

"రాత్రిపూట ఆకాశాన్ని ఫొటో తీయడం నాకు నేర్పుతారా?"

జగన్మోహన్ పడీ పడీ నవ్వాడు. అయినా నేర్పాడు. తన పాత కెమెరా, ఇరవై నాలుగు మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్స్ ఇచ్చాడు. ట్రైపాడ్ కదలకూడదన్నాడు. షట్టర్ ఇరవై సెకన్లకి మించి తెరిచి ఉంచితే భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు గీతలవుతాయన్నాడు. చెప్పిందంతా సరిగ్గానే చెప్పాడు. కాకపోతే ఇంటికి ఎవరొచ్చినా ఆ పాఠాలే వాళ్లకి వినోదం.

"లెన్స్‌కి ఎఫ్-స్టాప్ పెట్టమంటే మా ఆవిడ అదేదో బస్‌స్టాప్ అనుకుంది" అనేవాడు. మీనా, రవికుమార్ దంపతులు నవ్వేవాళ్లు. రాధారాణి కూడా నవ్వి, కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

కానీ పట్టు వదల్లేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుంది. ఊరి దీపాల వెలుగులో ఆకాశం నారింజ రంగు తిరుగుతోందని, శనివారం రాత్రుళ్లు రెండు గంటలు పడమటికి డ్రైవ్ చేసుకుంటూ మొక్కజొన్న పొలాల్లోకి వెళ్లేది. లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గర ఫోకస్ రింగు ఆపితే చుక్కలు అలుక్కుపోతున్నాయని, వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే సూదిమొనల్లా వస్తాయని తనంతట తానే కనిపెట్టింది. రింగు జరక్కుండా అక్కడ టేపు అంటించింది. షట్టర్ తెరిచేటప్పుడు కెమెరా అదురుతుందని, లెన్స్ ముందు నల్ల అట్ట అడ్డం పెట్టి, అదురు ఆగాక తీసేది. చలికి వేళ్లు కొంకర్లుపోయి తిరిగొచ్చేది. జగన్మోహన్ నిద్ర నటించేవాడు.

జనవరిలో రవికుమార్ వాళ్లింట్లో స్లైడ్ షో పెట్టారు. గోడ మీద ఒక ధాన్యం గాదె, దాని నెత్తిన మృగశిర నక్షత్రాలు నిలిచాయి. అందరూ కుర్చీల్లో ముందుకి వంగారు.

"జగన్, నీ చేతిలో ఏదో ఉందయ్యా!" అన్నాడు రవికుమార్.

"నాది కాదు. రాధది."

"అబ్బో! గురువుని మించిపోయిందే."

జగన్మోహన్ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఇంటికెళ్లే దారంతా రోడ్డు మీద మంచుని తిడుతూ డ్రైవ్ చేశాడు.

మార్చిలో అమావాస్య వెళ్లిన వారానికి ఇద్దరూ అరిజోనా వెళ్లారు. అక్కడైతే తెల్లవారుజామున తోకచుక్క బాగా కనిపిస్తుందని రాధారాణి చదివింది. సెలవు కోసం రెండు నెలలు అదనపు షిఫ్టులు చేసింది. జగన్మోహన్ మోటెల్లో దుప్పటి ముసుగుతన్ని, "వైడ్ యాంగిల్‌కి అది ఈగంత కనిపిస్తుంది. నువ్వెళ్లు" అన్నాడు.

ఆమె ఒక్కతే కారు వేసుకుని వెళ్లింది. సూర్యోదయానికి తిరిగొచ్చేసరికి పెదవులు పగిలి ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"తోక ఎంత పొడుగుందో తెలుసా అండీ! రోలంతా అదే తీశాను, ముప్పై ఆరూ."

పెళ్లయిన పన్నెండేళ్లలో జగన్మోహన్ ఆమె మొహంలో ఆ వెలుగు చూడలేదు. తన వల్ల వచ్చిన వెలుగు కాదది. అదే అతనికి గుచ్చుకుంది.

షామ్‌బర్గ్ తిరిగొచ్చాక ఫిల్మ్ డబ్బా అతని చేతికిచ్చింది. ఫొటోల షాపు అతని ఆఫీసు పక్కనే.

"అన్నీ చీకటి ఫ్రేములే. స్లైడ్లుగా ఎక్కడ కోయాలో మెషిన్‌కి తెలియదని మీరే చెప్పారుగా. కోయకుండా రోలు అలాగే ఇమ్మని చెప్పండి. మర్చిపోరుగా?"

"నాకు చెప్తావా?"

మర్నాడు కౌంటర్ దగ్గర అమ్మాయి కవరు మీద పేరు రాసుకుంది. "స్పెషల్ ఇన్‌స్ట్రక్షన్స్ ఏమైనా ఉన్నాయా సర్?"

జగన్మోహన్ మర్చిపోలేదు. పెదవి దాకా వచ్చింది కూడా. "నో" అన్నాడు.

ఆ వారం ఎన్నడూ లేనిది గిన్నెలు కడిగాడు. ఆమెకి ఇష్టమని పిస్తా ఐస్‌క్రీం తెచ్చాడు.

స్లైడ్లు వచ్చాయి. రాధారాణి కిటికీ దగ్గర నిలబడి మొదటిది వెలుతురుకి పట్టింది. మధ్యలో నల్లటి పట్టీ. దానికి ఒక పక్క తోక, ఇంకో పక్క వేరే ఫ్రేములోని తల. రెండోదీ అంతే. ముప్పై ఆరూ ఒకటొకటిగా చూసింది. జగన్మోహన్ సోఫాలో పేపరు అడ్డం పెట్టుకుని లెక్కపెడుతూ కూర్చున్నాడు.

"మీరు చెప్పారా?"

"చెప్పానే! వెధవలు, వినిపించుకోరు."

ఆమె కోటు వేసుకుని షాపుకి వెళ్లింది. గంటకి వచ్చింది. కవరు మీది చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇన్‌స్ట్రక్షన్స్ అన్నచోట ఏమీ లేవని, 'నన్' అని ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఆ అమ్మాయి అడిగిందట. మీరు లేదన్నారట."

"మర్చిపోయుంటాను."

"మర్చిపోలేదు మీరు" అంది. అరవలేదు. చీటీ అక్కడే వదిలి, లెన్స్ మీద అంటించిన టేపుని గోటితో గీకి తీసేసి, కెమెరా తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

తర్వాతి ఆదివారం రవికుమార్ వాళ్లింట్లో మీనా తోకచుక్క ఫొటోలేవని అడిగింది. రాధారాణి నోరు తెరిచేలోగా జగన్మోహన్ అందుకున్నాడు. "అడక్కండి. మా ఆవిడ డెబ్భై ఆరేళ్ల తోకచుక్కని ముక్కలు ముక్కలుగా తరిగేసింది, బెండకాయల్లాగా!" గదంతా గొల్లుమంది. నవ్వు ఆగేదాకా రాధారాణి అతని వైపే చూసింది. నిజం చెప్పేస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఆమె చెప్పలేదు. పళ్లెం కింద పెట్టి, తన కోటు వెతుక్కుంది.

ఆగస్టులో ఉల్కలు రాలతాయని పేపర్లో చూసి, జగన్మోహనే అన్నాడు. "పద, పొలాల్లోకి వెళ్దాం. ఈసారి నువ్వే తీద్దువుగాని."

"నాకు రాదండీ" అంది రాధారాణి, మర్నాడు బ్యాంకుకి వేసుకెళ్లే బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ.

అతను ఒక్కడే వెళ్లాడు.