పొలిమేర మూసిన వారం

టక్.

గేటు గడియ పడిన చప్పుడు.

చిన్న చప్పుడే. ఎండిన వేపపుల్ల విరిగినంత. కానీ ఆ చప్పుడుకే దేవకమ్మ చేతిలోని కాఫీ చల్లారిపోతుంది.

ఎవరో పోయారు... ఎవరు? ఎక్కడికి? మళ్లీ వస్తారా?

ఇరవై రెండేళ్లుగా ఇదే. పాలు పోసేవాడు పోయినా టక్. ఎదురు వాటాలో పిల్ల కాలేజీకి పోయినా టక్. విన్న ప్రతిసారీ దేవకమ్మ గ్లాసు కింద పెట్టి లేస్తుంది. మోకాళ్లు పట్టుకుంటూ గేటు దాకా నడుస్తుంది. పోయేవాళ్ల వీపు సందు మలుపులో మాయమయ్యేదాకా చూస్తుంది. తిరిగి వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టి ఉంటుంది.

సందు చివర, మిద్దెల మీదుగా కొండ కనిపిస్తుంది. పొద్దున ఎర్రగా. మధ్యాహ్నం బూడిదగా. సాయంత్రం నీలంగా...

కొండ ఒక్కటే ఎక్కడికీ పోదు.

ఒకప్పుడు ఆమె ఇలా లేచేది కాదు. లేవాల్సిన ఆ ఒక్క పొద్దున అసలే లేవలేదు.

చట్నీలో ఉప్పు దగ్గర మొదలైంది. మాటకు మాట పెరిగింది. మొగుడు చిన్నబ్బ సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. చిత్తూరు మామిడి మండీలో పని ఆయనకు, ఏడు గంటల బస్సు. దేవకమ్మ పొయ్యివైపు తిరిగి కూర్చుంది. తిట్టాలనుకుంది... తిట్టలేదు. పిలవాలనుకుంది... పిలవలేదు.

టక్.

సాయంత్రం తోతాపురి కాయల వాసనతో ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులో చిన్నబ్బను పడుకోబెట్టి తెచ్చారు. మండీలోనే గుండె ఆగిందన్నారు.

ఆ పొద్దున పోతున్న ఆ వీపును ఆమె చూడలేదు.

అందుకే ఇప్పుడు అందరి వీపులూ చూస్తుంది.

*

ఒక్క చప్పుడుకు మాత్రం ఆమె భయపడదు.

మేడమెట్ల మీద ఎస్తేరు చెప్పుల చప్పుడు. అది పోయే చప్పుడు కాదు, వచ్చే చప్పుడు. కిందికి, దేవకమ్మ గడప దగ్గరికి.

పద్నాలుగేళ్లుగా ఎస్తేరు పైగదిలో ఉంటోంది. ఒంటరి మనిషి. ఆస్పత్రిలో ఆయాగా చేసి మార్చిలో రిటైరైంది. ఆదివారం చర్చికి పోతుంది. మిగతా ఆరు రోజులూ సాయంత్రమైతే దేవకమ్మ గడప మీద కూర్చుని సజ్జల్లో రాళ్లు ఏరినట్టు ఊరి కబుర్లు ఏరుతుంది.

గూడూరులో ఎస్తేరు చెల్లెలికి చూపు తగ్గింది. నిమ్మకాయల గోడౌన్లో కాయలు ఏరే పని ఆమెది. ఇప్పుడు పచ్చకాయకూ పండుకాయకూ తేడా తెలియడం లేదట. ఇంట్లో తోడు లేదు. ఎస్తేరు పోవాలి. పోవడమే న్యాయం.

దేవకమ్మకు అది తెలుసు. తెలిసినా...

ఏప్రిల్‌లో ఒకనాడు ఎస్తేరు మెట్లు దిగి వచ్చింది. "అక్కా, కేలండర్ సూసి ఒక మంచి దినం సెప్పు. నాకు గాదులే, టెంపో మునిప్రసాద్‌కి. రాహుకాలంలో బండి తీయడంట ఆ మారాజు."

దేవకమ్మ బడి ముఖం చూడలేదు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. తిరుపతి, చిత్తూరు, పలమనేరు. ఆ తర్వాత పొట్లం కాగితాలు. ఆ తర్వాత పుస్తకాలు. ఇప్పుడు కేలండర్‌లో చీమ తలంత అక్షరాన్ని కూడా విడిచిపెట్టదు. వాటాల వాళ్లందరూ మంచిరోజు ఆమెనే అడుగుతారు. ఆమె చెప్పాక ఇంకెవరూ చూసుకోరు.

పసుపు కొమ్ములు దంచుతున్న చేత్తోనే మే నెల తిప్పింది. ఒక మంగళవారం గడిలో చిన్న అక్షరాలు...

తిరుపతి గంగజాతర చాటింపు.

చాటింపు పడిందంటే ఊరికి పొలిమేర మూసినట్టే. జాతర ముగిసేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు ఊరు విడిచి పోకూడదు. తాతల నాటి కట్టడి. ఏడాదిలో ఆ ఒక్క వారమే దేవకమ్మ కంటినిండా నిద్రపోతుంది. గడియ ఎన్నిసార్లు పడినా ఆ వారం లేవదు. పోయినవాళ్లు ఎక్కడికి పోతారు... ఊళ్లోనే తిరిగి చీకటి పడేలోపు రావాల్సిందే కదా.

ఎస్తేరుకు జాతర తెలుసు. తేదీ తెలియదు. ఆమె పండగలు వేరు.

దేవకమ్మ ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి, పక్క గడి చూసి చెప్పింది.

"ఈ బుధవారం బాగుండాది మే. మధ్యాహ్నం దాకా రాహుకాలం లేదు."

వేలు తీయడానికి కొంచెంసేపు పట్టింది.

*

ఆ బుధవారం మునిప్రసాద్ వచ్చాడు. టెంపో లేకుండా, మోటారు సైకిల్ మీద. ఒళ్లంతా తెల్లటి నామపుసుద్ద పూసుకుని, మెడలో వేపమండలు వేసుకుని. జాతరలో రోజుకో వేషం, మొదటిరోజుది అది.

"నేను రాను మా. రాత్రి సాటింపు పడిపాయ. పొలిమేర దాటితే మాయమ్మ నన్ను ఇంట్లోకి రానీదు."

"ఒప్పుకునేటప్పుడు ఈ బుద్ధి యాడికి పోయినాదిరా?"

"దేవకమ్మవ్వ సూసిన దినం గదా అని నేను సూడలేదు."

ఇద్దరూ దేవకమ్మ వైపు చూశారు.

దేవకమ్మ కొండ వైపు చూసింది.

"నాకేంది మీ గంగమ్మ? నేను సర్చికి పోయేదాన్ని" అంది ఎస్తేరు. ఇంకో ఇద్దరు టెంపోల వాళ్లకు ఫోన్ చేసింది. అందరూ ఈ ఊరివాళ్లే. అందరికీ అమ్మలున్నారు. చివరికి గూడూరుకు చేసింది. పక్కింటామె ఇంకో వారం చూసుకుంటుందిలే, అమ్మతల్లి మాట మీరి రావద్దు అంది చెల్లెలు.

పైగదిలో అన్నీ మూటలైపోయాయి. కట్టిన మూటలు విప్పడానికి ఎస్తేరుకు మనసు రాలేదు. చాప ఒకటి చంకన పెట్టుకుని కిందికి దిగింది.

ఇద్దరికీ ఒకే పొయ్యి. ఒకే కంచం. గ్లాసూ ఒకటే, ఎస్తేరు గ్లాసులన్నీ మూటల్లో ఉన్నాయి.

ఒకరు తాగేదాకా ఇంకొకరు ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటే మాటలొస్తాయి. మాటల్లో నవ్వొస్తుంది. ఎస్తేరు తాగి, కడిగి, పోసి ఇచ్చిన కాఫీ పొగలు కక్కుతూ ఉంది. దేవకమ్మ ఒక గుక్క తాగింది. నాలుక చురుక్కుమంది.

ఎన్నేళ్లయింది నాలుక కాలి!

టక్. ఎవరో పోయారు.

పోనీ... వస్తారు.

*

కానీ లోపల ఒక ముల్లు. తీయగా నవ్వుతున్నప్పుడు కూడా గుచ్చుకునే ముల్లు.

గురువారం సాయంత్రం ఎస్తేరు ఇంకా ఎన్నాళ్లో లెక్కపెట్టడానికి కేలండర్ దగ్గరికి పోయింది. నిలబడిపోయింది.

మంగళవారం గడిలో పసుపు వేలిముద్ర. చక్కగా, గుండ్రంగా, రేఖలతో సహా. దాని కింద చిన్న అక్షరాలు.

ఆమె ఏమీ అనలేదు.

దేవకమ్మను భయపెట్టింది అదే. ఏమీ అనకపోవడం.

ఎస్తేరు చాప చుట్టుకుంది. మెట్లెక్కింది. పైకి పోయే చెప్పుల చప్పుడు... దేవకమ్మ ఆ చప్పుడును ఎప్పుడూ ఇలా వినలేదు. పొలిమేర మూసి ఉంది. అయినా మనిషి దాటిపోయింది.

అలా కూడా పోవచ్చని ఆమెకు తెలుసు. ఒకే ఇంట్లో, పొయ్యివైపు తిరిగి కూర్చున్నా మనుషులు పోతారు.

పొద్దున కాఫీ పెట్టింది. మెట్ల మీద చప్పుడు లేదు. ఒకే గ్లాసు. ఎదురుగా ఎవరూ లేరు. కాఫీ మీద మీగడ కట్టింది.

దేవకమ్మ లేచింది. ఈసారి గేటు వైపు కాదు... మెట్ల వైపు.

ఆరేళ్లుగా ఎక్కని మెట్లు. పద్దెనిమిది. ఒక్కో మెట్టుకూ ఒక్కో మోకాలు ఒక్కో మాట అంటోంది. పైకి చేరేసరికి మాట్లాడ్డానికి ఊపిరి లేదు. ఎస్తేరు గది ముందర, బయట పెట్టిన మూటల మధ్య, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

వీపు. ఇంత దగ్గరగా.

"తిట్టు మే," అంది దేవకమ్మ. "నేను సేసింది తప్పే. నువ్వు పోతావని భయమేసి సేసినాను. తిట్టి పో. ఊరకే మాత్రం పోబాకు. ఒకాయన అట్ల పోయినాడు... నాకు సాలు."

ఎస్తేరు తిరగలేదు. "నాది సర్చికి పోయే నోరు. అట్లాంటి మాటలు రావు."

అప్పుడే సందులోకి తోటి వేషాలు వచ్చాయి. శుక్రవారం వేషం అదే. నున్నగా బొగ్గు పూసుకున్న పిల్లలు, మీసాలు దిద్దుకున్న పెద్దలు, నడుముకు వేపమండలు. చేతికందిన మనిషినల్లా నోటికందిన తిట్టు తిడుతూ. జాతరలో తిట్టు తిట్టు కాదు, మొక్కు. తిట్టించుకున్నవాళ్లు దండం పెట్టి పైసలిస్తారు. పిట్టగోడ మీదుగా ఇద్దరు ముసలమ్మలను చూసి ఒక బొగ్గు ముఖం ఎగిరింది.

"ఏమ్మే ముసిలిదానా! మిద్దెక్కి ఎవురికి కన్నుగొడతా ఉండావే!"

ఎస్తేరు భుజాలు కదిలాయి.

కోపమో... ఏడుపో... దేవకమ్మకు తెలియలేదు.

ఎస్తేరు లేచింది. నడుముకు కొంగు దోపింది. దేవకమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఓసి దొంగ ముసిలిదానా! నీ బొటనేలికి వాత బెట్ట! నీ కేలండర్‌ని ఎలకలు గొట్ట! అన్ని అచ్చరాలు నేర్సుకునింది ఇందుకా? నీ సంకటి మాడిపోను, నీ కాఫీలో ఈగ పడ! నన్ను నోరు తెరిసి ఉండమని అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మా సెల్లెలు ఆడ గోడలు పట్టుకుని నడస్తా ఉంటే, ఈడ నువ్వు నాకు ఒక్క గ్లాసుతో కాఫీ ఇస్తావా, పిసినారి ముండా!"

కింద తోటి వేషాలు ఆగిపోయాయి. ఒకడు విజిల్ వేశాడు. ఎదురు వాటా నాగవేణి గరిటెతో సహా బయటికొచ్చింది.

"గ్లాసులు మూటలో కట్టింది నువ్వే గదే, మతిలేనిదానా!" అంది దేవకమ్మ.

అంతే.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఎస్తేరు మూట మీద కూలబడింది. దేవకమ్మ పిట్టగోడ పట్టుకుంది. నవ్వితే కడుపు నొప్పి. ఆపితే ఇంకా నవ్వు. కళ్లలో నీళ్లు... ఆ నీళ్లలో ఎన్ని పాతవో, ఎన్ని కొత్తవో.

ఇరవై రెండేళ్ల ముల్లు ఒకటి, తిట్లతో పాటు బయటికి వచ్చేసింది.

వేపగాలి వీచింది. కొండ ఎర్రగా ఉంది.

*

మిగిలిన రోజులు చిన్నవి. చిన్నవే, కానీ నిండుగా ఉన్నాయి. చిన్న గిన్నెలో పెరుగులా.

శనివారం ఎస్తేరు దేవకమ్మ మోకాళ్లకు నూనె రాసింది. ఆస్పత్రి చేతులు... నొప్పి ఎక్కడుందో అడక్కుండానే దొరకబుచ్చుకున్నాయి.

ఆదివారం ఎస్తేరు చర్చికి పోయింది. టక్. దేవకమ్మ లేవబోయింది. గ్లాసు చేతిలోనే ఉంది. తాగింది. తాగిన తర్వాతే లేచింది.

ఆ మధ్యాహ్నం మాతంగి వేషంలో మునిప్రసాద్ వచ్చాడు. పెళ్లాం పట్టుచీర, మూర మల్లెపూలు, పెట్టుడు కొప్పు.

"అవ్వా, బాగుండానా?"

"నీ పెండ్లాం కంటే నువ్వే మేలురా" అంది ఎస్తేరు. వాడు సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు తలచుకుని రెండు రోజులు నవ్వుకున్నారు.

ఏమీ జరగలేదు ఆ రోజుల్లో. సంకటి ముద్ద చేసి మధ్యలో గుంట పెట్టి పులుసు పోసుకున్నారు. పిచ్చుక ఒకటి మెట్టు మీద మెతుకు ఏరుకుంది. సాయంత్రం కరెంటు పోతే గడప మీద కూర్చుని కొండ నీలం కావడం చూశారు.

చిన్నబ్బ ఉన్నప్పుడూ ఇలాంటివి ఉండేవి. ఇప్పుడు గుర్తొచ్చాయి. ఆ చివరి పొద్దున వెనక ఎన్ని మంచి పొద్దులు దాక్కుని ఉన్నాయో...

బుధవారం తెల్లవారింది. అమ్మవారికి మట్టితో దిద్దిన విశ్వరూపాన్ని తీసేసి, ఆ మట్టిని మందులా ఊరంతా పంచుకుంది. పొలిమేర తెరుచుకుంది.

మునిప్రసాద్ టెంపోతో వచ్చాడు. కాగితంలో చిటికెడు మట్టి తెచ్చాడు. దేవకమ్మ దాన్ని ఎస్తేరు ముందు పెట్టి నసిగింది. "మీ సెల్లెలికి... కండ్లకి... ఇయ్యొచ్చో లేదో..."

ఎస్తేరు ఆ పొట్లాన్ని బైబిల్ సంచిలో వేసుకుంది. "ఏసయ్యా ఆయమ్మా వాళ్లు వాళ్లు సర్దుకుంటార్లే."

మూటలు ఎక్కాయి. మునిప్రసాద్ ముందు సీటు తుడిచాడు. ఎస్తేరు ఎక్కలేదు. నిలువుటద్దం పగులుతుందని సాకు చెప్పి వెనక మూటల మీద ఎక్కి కూర్చుంది. ఇంటివైపు తిరిగి.

"ముసిలిదానా! వేడిగా తాగి సావు!"

"నువ్వు పడకుండా పో, నోటిదురుసుదానా!"

టెంపో కదిలింది. దేవకమ్మ గేటు పట్టుకుని చూసింది.

వీపు కనిపించలేదు.

ముఖమే కనిపించింది. మలుపు దాకా.

*

పొయ్యి మీద పాలు పొంగాయి. దేవకమ్మ లోపలికి వచ్చింది. కాఫీ కలుపుకుంది. ఎస్తేరు తన గ్లాసు ఒకటి మూట విప్పి గూట్లో పెట్టి పోయిందని అప్పుడు చూసింది.

రెండు గ్లాసులు.

గూడూరు నుంచి ఫోను రావాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది. పొలిమేరైనా దాటి ఉంటుందో లేదో... ఎండ ఎక్కుతోంది... అద్దం పట్టుకునే ఉందో, నిద్రపోయిందో...

భయం పోలేదు. పక్కన వచ్చి కూర్చుంది. కూర్చోనీ.

టక్.

ఎండిన వేపపుల్ల విరిగినంత చప్పుడు. ఎవరో పోయారో... ఎవరో వచ్చారో... గాలికే పడిందో.

దేవకమ్మ తలుపు వైపు చూసింది. చేతిలో గ్లాసు వైపు చూసింది.

పొగలు వస్తున్నాయి.

ఇంకో గుక్క తాగింది.