సొట్టల్లేని రేకు

పర్శరాములు దుబాయ్‌లో మబ్బులను పట్టే బండి తయారు చేశాడనీ, మక్క చేను పాలు పట్టే వేళకు ఊరి మీద వాన పడకుండా పోయింది అందుకేననీ లింగవ్వ చెప్పుకుంటూ తిరుగుతోందట. రేషన్ దుకాణం వరుసలో చెప్పిందట, బీడీల షెడ్డులో చెప్పిందట, చివరికి అంగన్‌వాడీ టీచరమ్మను కూడా వదల్లేదట. పక్కింటి ఆమె ప్రచారమంతా పొద్దున్నే ఫోన్‌లో మొగుడికి అప్పజెప్పి, "నిజమేనా?" అని అడిగింది భూమవ్వ. అందులో సగం ఎగతాళి, సగం అనుమానం.

పర్శరాములు ఫోన్‌ను ఎడమ చెవికి మార్చుకున్నాడు. కుడిది సుత్తి చప్పుళ్లకు ఎప్పుడో మందగించింది. "మబ్బులు పట్టుడు నాకేం ఎరుక? బండికి రేకులు కొట్టిన. గంతే."

"అయితే వచ్చేటప్పుడు ఒక మబ్బు సంచిల పెట్టుకొని రా. లింగవ్వ నోరన్న మూతవడుతది."

"రేపు పొద్దుమీకి విమానం. ఎల్లుండికి ఇంట్ల ఉంట. నువ్వు దవాఖానకు తయారై ఉండు."

"నువ్వు వచ్చినంకనే పోత. కంటి కట్టు ఇప్పినప్పుడు నువ్వు ముంగట లేకుంటే నేను ఆ బల్ల ఎక్క. పోయినసారి డాక్టర్ సారు మొకం మీదనే చెప్పి వాపస్ వచ్చిన."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. రెండు కళ్లలోనూ పొర ముదిరి, బియ్యంలో రాళ్లు కూడా వేళ్లతో తడిమి ఏరుకుంటోంది. అయినా పంతం పంతమే.

ఫోన్ పెట్టేసి పర్శరాములు పనిలోకి దిగాడు. కార్ఖానాల పేట అల్ ఖూజ్‌లో షెడ్డు వెనక షెడ్డు, ఆ వెనక ఇంకో షెడ్డు. వాటిలో ఒకదానిలో డెంటర్ అతను. కార్లకు పడ్డ సొట్టలు తీస్తాడు. సుత్తి పట్టీ పట్టీ కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారింది. వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. బొటనవేలి గోరు నల్లబడి, ఊడి, మళ్లీ నల్లగానే మొలిచింది. వయసు మీద పడిందని కంపెనీ ఈసారి వీసా పొడిగించలేదు. అతనూ బతిమాలలేదు. ఎండలో కంకర మోయడానికి వచ్చినవాణ్ణి నీడకు పిలిచి, చేతికి సుత్తినిచ్చి, పని నేర్పించి, ఇంటికి స్లాబు వేయించిన చోటు ఇది. ఎప్పుడు తలుచుకున్నా దండం పెట్టాలనిపిస్తుందే తప్ప తిట్టాలనిపించదు. నీడకు పిలిచినవాడు పెషావర్ ఉస్తాద్ గుల్‌జమాన్. ఇప్పుడు లేడు. ఆయన నేర్పిన నియమం ఒక్కటే: ఈ షెడ్డులోంచి ఏ బండీ గాయంతో బయటికి పోకూడదు. ఆ ఒక్క మాట పట్టుకునే పర్శరాములు ఇన్నేళ్లూ ఎవరితోనూ మాట పడకుండా నెట్టుకొచ్చాడు. పోయేదాకా పడకుండా పోతే చాలనుకున్నాడు.

ఇవాళ్టి పని తాబేలుది. ఆ పేరు షెడ్డువాళ్లు పెట్టుకున్నదే. అసలుకు అది వాతావరణ పరిశోధన కేంద్రం వాళ్ల పికప్పు. కరోనా సద్దుమణిగిన కొత్తలో మామూలు బండిగా ఈ షెడ్డుకొచ్చింది. చుట్టూ ఉక్కు రేకులు తొడిగి, అద్దాలన్నిటికీ ఇనుప జాలీ బిగించి, గాలికి ఎగిరిపోకుండా నేలను అదుముకునే నాలుగు కాళ్లు అమర్చి పంపారు. జాలీ వెల్డింగ్ పర్శరాములు చేతిదే. నడినెత్తిన ఒక గుంజ, గుంజ మీద గాలికి గిరగిర తిరిగే గిన్నెలు, లోపల టీవీల్లాంటి తెరలు. ఉరుము వినబడితే లోకమంతా ఇంట్లోకి ఉరుకుతుంది, ఈ బండి మాత్రం ఉరుముకు ఎదురు పోతుంది. మొదట్లో పర్శరాములుకు అదేం పిచ్చో అర్థం కాలేదు. తర్వాత తర్వాత తాబేలు ఏ మరమ్మతుకు వచ్చినా, ఆడబిడ్డ పుట్టింటికొచ్చినట్టు దగ్గరుండి చూసుకునేవాడు.

మొన్న అల్ ఐన్ అవతల ఎడారిలో రాళ్లవాన కురిసింది. తాబేలు దాని కింద నిలబడి వచ్చింది. ముందు గ్రిల్ వంగింది, ఒక తలుపు బిగుసుకుంది. ఆ రెండూ సరిచేసి మధ్యాహ్నానికి అప్పగించాలని మేనేజర్ విజయరత్నం చెప్పి పోయాడు.

పొద్దుటి చాయ్ వేళకల్లా రెండూ అయిపోయాయి. నిచ్చెన ఎక్కి పైన చూశాడు పర్శరాములు. నెత్తి మీద నాలుగు బోల్టులతో బిగించిన పలుచటి అల్యూమినియం రేకు ఉంది. అది ఈ షెడ్డులో వేసింది కాదు, వాళ్లే ఎప్పుడో బిగించుకున్నారు. అమ్మవారు పోసిన మొహంలా ఒళ్లంతా గుంటలే.

"మల్లేశూ, గీ రేకు జూసినవా? గిట్లనే పంపుదామా?"

మల్లేశ్ పెయింటరు. క్యాంపు గదిలో పక్క మంచం మనిషి, పక్క ఊరివాడు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "జాబ్ కార్డుల లేదు గదనే. నీకెందుకు? రేపు పోయేటోనివి, జర కుదురుగ కూసో," అన్నాడు.

"రేపు పోయేటోన్ని గన్కనే."

బోల్టులు విప్పాడు. రేకును ఇసుక సంచి మీద బోర్లించి, చెక్క సుత్తితో వెనక నుంచి పసిబిడ్డ వీపు తట్టినట్టు తడుతూ పోయాడు. కోడిగుడ్డంత గుంట ఒకటి, గోళీ అంత గుంట ఇంకొకటి, రెండు రాళ్లు ఒకేచోట పడి జంటగా దిగినవి కొన్ని. తడుముతున్న కొద్దీ అతనికి చిన్నప్పటి రాళ్లవాన గుర్తొచ్చింది. కోతకొచ్చిన వరి నేలకంటుకుపోతే గట్టు మీద కూలబడ్డ నాయన మొహం గుర్తొచ్చింది. ఆ గుర్తులన్నీ ఒక్కొక్కటిగా చెరిపేస్తున్నట్టు ఒకలాంటి తృప్తి. అన్నం మాట మరిచిపోయాడు. ఆఖరికి పాలిష్ పెట్టి, గుడ్డతో రుద్ది, రేకును మళ్లీ బండి నెత్తిన బిగించాడు. ట్యూబులైటు అందులో వంకర లేకుండా నిలబడింది.

తాబేలును తీసుకుపోవడానికి మాహిరా వచ్చింది. పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. దుబాయ్ కరామాలో పుట్టి పెరిగింది కానీ అమ్మానాన్నలది హైదరాబాద్. తెలుగు వచ్చు. చంకలో కెమెరా, చేతిలో కొలతల పెట్టె. హుషారుగా నిచ్చెన ఎక్కింది. పైమెట్టు మీద ఆగిపోయింది. అరచేత్తో రేకును నిమిరింది.

"చాచా, ఈ ప్లేట్ మార్చిన్రా?"

"లేదమ్మా, గదే. సొట్టలు తీసిన," అన్నాడు పర్శరాములు. మెచ్చుకుంటుందనుకుని తల కొంచెం వంచాడు కూడా.

ఆమె దిగొచ్చి బంపరు మీద కూర్చుంది. కొలతల పెట్టె ఒళ్లోనే ఉండిపోయింది. "ఆ సొట్టల కోసమే చాచా ఆ ప్లేట్ పెట్టింది. ఒక్కో సొట్ట ఒక్కో రాయి. ఎంత పెద్దది పడింది, ఎంత జోరుగ పడింది, అన్నీ దాని మీదనే ఉంటయ్. మూడేండ్ల సంది తిరిగితే మొన్న దొరికింది రాళ్లవాన. చీకటి పడిందని ఫొటోలు గూడ తీయలే. పొద్దుగాల తీద్దాం అనుకుంటే ఆలోపే ఆఫీసోళ్లు బండిని ఇటు పంపిన్రు."

పర్శరాములుకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"అంటే... అధికారులు వచ్చి పంచనామ చేయకముందే చేను దున్నిన."

మాహిరా తలూపింది.

విజయరత్నం గాజు గదిలోంచి పరుగున వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. కోపమొస్తే ఆయనకు ఊపిరాడదు. "ఏంటయ్యా ఇది, కొంప ముంచేశావ్ కదయ్యా! నిన్నెవరు చెయ్యమన్నారు? కార్డులో ఉందా? రేపు ఈవిడ పైకి రాసిందంటే పెద్దాయన ముదీర్ నా పీక పట్టుకుంటాడు. ఆ ఎంక్వైరీ తేలేదాకా నీ ఆఖరి కాగితం మీద నేను సంతకం పెట్టను. టిక్కెట్టూ లేదు, ఏమీ లేదు. తెలిసిందా?"

పర్శరాములు కళ్ల ముందు భూమవ్వ కనబడింది, ఆపరేషన్ బల్ల ఎక్కనని మొండికేసి గోడకు ఆనుకుని కూర్చున్నట్టు. నిజంగానే కూర్చుంటుంది. ఆ రెండు కళ్లూ పోగొట్టుకుంటుంది కానీ దిగిరాదు.

"అమ్మా, తప్పు నాదే," అన్నాడు. "ఏం రాసినా నా పేరు మీద రాయి. మల్లేశ్ ఒద్దనే అన్నడు."

మాహిరా అతని వంక చూడలేదు. తాబేలు వంక చూస్తోంది. లేచి వెళ్లి, ముందు అద్దం మీది జాలీలో వేళ్లు పెట్టి ఊపింది. అది కదల్లేదు. ఇనుము మీద అక్కడక్కడా పెచ్చులు లేచి ఉన్నాయి.

"ఈ వెల్డింగ్ ఎవరిది?"

"నాదే."

"మొన్న ఈ బండి లోపల నేనున్న చాచా. డ్రైవరున్నడు. మా వెనక ఒక కారొచ్చింది, ఏం జాలీ గీలీ లేదు దానికి. అద్దాలన్నీ పోయినయ్. అది నడిపెటాయన మొకం నిండ రక్తం. మాకు ఒక్క అద్దం గూడ పగల్లే. అమ్మీకి ఇంకా చెప్పలే నేను." జాలీలోంచి వేళ్లు తీసుకుంది. "కోపం వస్తలేదని చెప్ప. బహుత్ వస్తుంది. కానీ ప్లేట్ ముట్టుకోవద్దని మేం రాసి అంటించలే. పైకి అదే రాస్త. మా గలతీ అని."

విజయరత్నం నోరు తెరవబోయాడు. "మేనేజర్ సాబ్, ఆయన కాగితం మీద సంతకం పెట్టండి. ఖలాస్," అంది. ఇంకో మాటకు చోటివ్వకుండా తనే స్పానర్ తీసుకుని నిచ్చెన ఎక్కి, ఆ రేకు విప్పి కిందికి దించింది. బండిలోంచి కొత్తది తీసింది. పర్శరాములు కింద నిలబడి బోల్టులు ఒక్కొక్కటే అందించాడు. పోయే ముందు ఆమె అతని చేతిని రెండు చేతులా పట్టుకుని, "చాచీకి నా సలామ్ చెప్పు," అంది. పాత రేకును తీసుకుపోలేదు.

మర్నాడు కంపెనీ పికప్పు వచ్చింది. పర్శరాములు తాడు బిగించిన అట్టపెట్టె ఎక్కించి, షెడ్డు గడపను వంగి తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకున్నాడు. మల్లేశ్ చేతిలో స్ప్రే గన్ ఆపలేదు. ఆపితే ఏడుపొస్తుందని అతని భయం.

నాలుగు రోజులకు భూమవ్వే మల్లేశ్‌కు ఫోన్ చేసింది. కట్టు విప్పారట. ముందు మొగుడే ఉన్నాడట. "గింత ముసలోడైండని నాకు ఒక్కలు గూడ చెప్పకపోతిరి గదరా తమ్మీ," అని నవ్వి, దుబాయ్ చల్లగుండాలని దీవించి పెట్టేసింది.

పర్శరాములు చోట్లోకి జోషువా అని కాకినాడ దిక్కు మనిషి వచ్చాడు. పనిమంతుడే. మొదటిరోజు మల్లేశ్ అతనికి పనిముట్ల గూడు, నీళ్ల కూలరు, నమాజు వేళలూ అన్నీ చూపించి, చివరకు గోడ దగ్గరికి తీసుకుపోయాడు. మేకుకు తగిలించిన ఆ అల్యూమినియం రేకులో షెడ్డు వాకిలి, వాకిట్లోని ఎండ, ఇద్దరి మొహాలూ నీళ్లలోలా తేటగా కనిపిస్తున్నాయి. విజయరత్నం కూడా గాజు గది తలుపు తీసుకుని అటే చూశాడు.

"గిది మా పర్శరాములన్న ఆఖరి పని. చూడు," అన్నాడు మల్లేశ్.

జోషువా దగ్గరగా వచ్చి అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు, రేకు మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అరచెయ్యి వేసి నిమిరాడు.

"ఏవుంది దీని మీద? ఏమీ లేదుగా."