అల్లుడుగారి మేక్రో

మా యజమానికి ఎర్రగీతలు పడవు. కళ్ళు లాగుతాయట. అందుకని ఆయన అల్లుడు, ఆ ఇంట్లో అన్నీ తెలిసిన మొనగాడు, మావగారి కంప్యూటర్లో మేక్రో అని ఒక బుల్లి ప్రోగ్రామ్ రాసిపెట్టి ఆఫీసంతా డప్పు కొట్టుకున్నాడు. ఏ ఫైలు తెరిచినా అది తనంతట తానే నడిచి, దిద్దుబాటు గీతలనూ పక్కన రాసిన వ్యాఖ్యలనూ దాచేస్తుంది. దిద్దిన వాక్యాలు మాత్రం దిద్దినట్టే కనిపిస్తాయి. అంటే, నేను రోజంతా కూర్చుని బాగుచేసిన చెత్త ఆయన తెర మీద కడిగిన ముత్యంలా ఉంటుందన్నమాట.

అది చూసీ చూసీ ఆయనకొక జ్ఞానోదయం అయింది.

"మన గైడ్లు రాసేవాళ్ళంతా ఇంత శుభ్రంగా రాస్తుంటే ఇంక ప్రూఫ్‌రీడర్ ఎందుకమ్మా?" అన్నారు నన్ను గదిలోకి పిలిచి. "ఈ నెలాఖరుకి మానేద్దువుగాని."

శుభ్రంగా రాస్తున్నారట! ఒకే పేజీలో గుండెకు ఓసారి మూడు గదులూ, ఓసారి నాలుగు గదులూ కట్టించే ప్రబుద్ధులు వాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. పైగా గీతలు బయటపడితే వ్యాఖ్యలూ బయటపడతాయి. ఎలాగూ కనబడవన్న ధీమాతో, గైడుకి ఆయన రాసిన ముందుమాట పక్కన నా కసి తీరా రాసిపెట్టాను. చూపించకపోతే ఉద్యోగం పోతుంది. చూపిస్తే కూడా పోవచ్చు. పోయేదేదో నా పని కనబడ్డాకే పోనీ అనుకున్నాను.

"ఒక్క నిమిషం సార్. షిఫ్ట్ నొక్కిపట్టి తెరిస్తే ఆ మేక్రో నడవదు, చూడండి."

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు ఇకిలించాడు. "అదంతా వ్యూ సెట్టింగ్ మావయ్యగారూ. షిఫ్ట్ నొక్కితే మారదు, ఆవిడకి తెలీదు."

నేనే షిఫ్ట్ నొక్కిపట్టి ఫైలు తెరిచాను. పేజీ నిండా ఎరుపే. యజమాని కళ్ళజోడు సర్దుకుని, తన ముందుమాట పక్కనున్నది పైకే చదివారు.

"'ఈ వాక్యం మొదలుపెట్టినాయన మధ్యలో ఎటో వెళ్ళిపోయాడు.'" కింద ఇంకొకటి. "'చదివేది పిల్లలు. వాళ్ళేం పాపం చేశారు?'"

అల్లుడి ఇకిలింపు ఆగిపోయింది. ఆయన పేజీలన్నీ చివరిదాకా తిప్పారు.

"ఇదంతా నువ్వే దిద్దావా?"

"అవును సార్."

"అన్ని పుస్తకాలూ?"

"అన్నీ."

కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. "సరే, మానెయ్యొద్దులే. ఎప్పట్లాగే వస్తూండు" అని అల్లుడి వైపు తిరిగారు. "ఇది మూసేసి మామూలుగా తెరువు బాబూ. కళ్ళు లాగుతున్నాయి."

తెర మళ్ళీ తెల్లబడింది. నేనింకా గుమ్మం దాటనేలేదు, ఆయన ప్రెస్సుకి ఫోన్ చేశారు.

"ముందుమాట పంపిస్తున్నా, వేసెయ్యండి. నేనే కూర్చుని రాశాను. ఒక్క అక్షరం దిద్దక్కర్లేకుండా వచ్చింది."

ఆ గొంతులో అబద్ధమాడుతున్న జంకు ఇసుమంతైనా లేదు. మనిషి నిజంగానే నమ్మేశాడు.