గంటంపావు

"ఆరువందల పది కిలోమీటర్లమ్మా. గంటంపావులో దిగిపోతారు," అన్నాడాయన తల ఎత్తకుండానే.

సరిహద్దు అవతలి నగరానికి ముప్పై ఒక్కేళ్ళుగా విమానం టికెట్లు ఇస్తున్న మనిషి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే మాట చెప్పీ చెప్పీ ఆఫీసులో ఆయన పేరే గంటంపావు అయిపోయింది. కౌంటరు అంచుకి ఆనించీ ఆనించీ చొక్కా కుడి చెయ్యి మోచేతి దగ్గర పలచబడింది. కళ్ళజోడు కాడకి దారం చుట్టి ఉంది.

ఆ నగరంలోనే ఆయన అక్క ఉంది. పెళ్ళయి వెళ్ళిన దగ్గర్నుంచీ రమ్మంటూనే ఉంది. "పక్కనేగా అక్కా, ఎప్పుడైనా రావచ్చు," అంటూ ఈయన ఒక్కసారీ విమానం ఎక్కలేదు. దూరమైతే ఎప్పుడో వెళ్ళి ఉండేవాడు.

ఇవాళ మూడింటి విమానానికి మొదటిసారి తన పేరు రాసుకుని, వస్తున్నానని అక్కకి కబురు పెట్టాడు. ఇంక లాభం లేదని డాక్టర్లు అక్కని ఇంటికి పంపేశారు.

"మొత్తానికి కదిలారన్నమాట," అంది పక్క కౌంటరమ్మాయి. "మిమ్మల్ని ఈ బల్లతో పాటే కొన్నారేమో అనుకున్నాం గంటంపావుగారూ."

"బల్ల నాకంటే కొత్తదమ్మా," అన్నాడాయన.

పన్నెండింటికి ఒకామె వచ్చింది, జుట్టు సగమే అల్లుకుని. అక్కడ పనిచేస్తున్న భర్త మేడ మీంచి పడ్డాడట. మూడింటి విమానం నిండిపోయింది. మిగిలిన ఒక్క సీటూ ఆయన తీసుకున్నదే. కౌంటరు ముందు మనిషి నిలబడి ఉండగా ఆఖరి సీటు ఆఫీసువాళ్ళు వాడుకోకూడదు. ఎక్కడా రాసిలేని ఈ పద్ధతిని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేర్పింది ఆయనే.

"ఈ ఒక్కసారికి వద్దండీ," అని గొణిగింది పక్కమ్మాయి.

"నాకు రేపొద్దున ఉందిగా," అంటూ తన పేరు తీసేసి ఆమె పేరు ఎక్కించాడు. "కంగారుపడకమ్మా. గంటంపావే."

మేనల్లుడికి ఫోను చేశాడు. "రేపు పొద్దున్నే వస్తానని అక్కకి చెప్పరా."

"సరే మావయ్యా."

మూడింటికి విమానం వెళ్ళింది. నాలుగుంపావుకి దిగి ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంటికి అరగంట.

ఐదున్నరకి మళ్ళీ మేనల్లుడే. "ఇప్పుడే మావయ్యా. అమ్మ వెళ్ళిపోయింది."

ఊఁ అన్నాడాయన. ఎంతసేపు పడుతుందని ఎదురుగా ఉన్న ముసలాయన రెండోసారి అడిగాడు. గంటంపావని పక్కమ్మాయే చెప్పింది.

మర్నాడు కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన బయటికి చూడలేదు.

హాల్లో అక్క ముఖం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మేనల్లుడు లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు.

"నువ్వు రావట్లేదని చెప్పలేకపోయాను మావయ్యా. టైమెంతయిందని అడుగుతూనే ఉంది. 'దిగుంటాడు' అంది. మళ్ళీ మాట్లాడలేదు."

గదిలో మంచం తీసేశారు. అక్క తన తలాపున వేయించిన కుర్చీ మాత్రం అక్కడే ఉంది, వీపు మీద మడత విప్పని కొత్త తువ్వాలుతో.