నోరు పుక్కిలించే బండి

ఆర్డిస్ కివేలా బండి వస్తోందంటే ఆ చుట్టుపక్కల మనుషులకంటే ముందు కుక్కలకు తెలుస్తుంది. పుస్తకాలు మోసుకొచ్చే లైబ్రరీ బండే అయినా, దాని వెనక గొట్టంలోంచి వచ్చేది వేయించిన చేపల వాసన. ప్రతి శుక్రవారం రాత్రీ సరస్సు ఒడ్డున ఓర్విల్ హోటల్లో ఊరు ఊరంతా చేపల వేపుడు తింటుంది. ఆ మూకుళ్లలో మిగిలిన నూనె ఆర్డిస్ పీపాల్లోకి చేరుతుంది. నీళ్లు తేర్చి, రెండుసార్లు వడగట్టి, ఆరేళ్లుగా ఆమె బండి నడుపుతున్నది ఆ నూనెతోనే. వేసవిలో అయితే ఎవరైనా నడుపుతారు. విస్కాన్సిన్ ఉత్తరపు కొసన, జనవరి నెలలో, సున్నాకి పాతిక డిగ్రీల కింద నడపడమే విద్య. ఆ విద్య తనకు వచ్చని ఆర్డిస్‌కు తెలుసు. తెలిసిన సంగతి దాచుకునే రకం కూడా కాదు.

ఆ శనివారం ఆమె పక్క సీట్లో కౌంటీ బోర్డు సభ్యుడు వెర్లిన్ స్ట్రోయిక్ ఒళ్లో ఒక కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. బోర్డులో కొందరికి ఈ నూనె బండి మీద గురి లేదు. నడి చలికాలంలో ఏ అడవి దారిలోనో మొరాయిస్తే ఎవరిది పూచీ అని వాళ్లు అడుగుతున్నారు. అలాగని వేరే బండి కొనే ఉద్దేశమూ ఎవరికీ లేదు. అందుకని వెర్లిన్ ఒక రోజంతా వెంట తిరిగి, చూసింది చూసినట్టు రాయాలి. ఆరు మజిలీలూ పూర్తిచేసుకుని నాలుగింటికల్లా లైబ్రరీకి చేరితే సరి. చేరకపోతే మార్చి నుంచి ఈ దారికి పుస్తకాల బండే ఉండదు.

"బెల్టు పెట్టుకున్నావా?" అంది ఆర్డిస్.

"పెట్టుకున్నానండీ."

"చిన్నప్పుడూ ఇలాగే అనేవాడివి. చూస్తే ఒట్టిదే."

లైబ్రరీ బండికి రాకముందు ఆమె ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. వెర్లిన్ ఎనిమిదేళ్లు అదే బస్సెక్కాడు.

"ఇంకా గుర్తుపెట్టుకున్నారా?" అన్నాడతను నవ్వుతూ.

"నడుస్తున్న బస్సులో వెనక తలుపు తీసినవాడివి నువ్వొక్కడివే. ఎలా మర్చిపోతాను? కనపడ్డ మీటల్లా నొక్కాలి నీకు."

వెర్లిన్ మాట మార్చాడు. "ఇంత చలికి నూనె పేరుకుపోదా?"

"ఎందుకు పేరుకోదూ? మీ ఇంట్లో అలమారలో సీసా పేరుకోదూ? కిందున్నవి రెండు తొట్లు. చిన్నదాంట్లో డీజిల్, పెద్దదాంట్లో నూనె. పొద్దున డీజిల్ మీద లేపుతాను. ఇంజను వేడెక్కాక దాని వేడినీళ్లు నూనె తొట్టి లోపలున్న గొట్టంలోంచి తిరిగి నూనెను కాస్తాయి. వేడి చూపే ముల్లు ఇదిగో ఇక్కడికొచ్చాక ఈ మీట ఇటు తిప్పుతాను. అప్పట్నుంచి ఓర్విల్ వేపుడే."

"అన్ని హోటళ్ల నూనె పనికొస్తుందా?"

"రాదు. గ్లాసులో పోసి రాత్రంతా వరండాలో పెడతాను. తెల్లారేసరికి వెన్నలా గట్టిపడితే అది ఎండాకాలం నూనె. కాస్త జారుతోందా, అది నాది."

ఇంత చెప్పిన మనిషి ఒక్క సంగతి చెప్పడం మర్చిపోయింది. బండి ఆపే ముందు మీట మళ్లీ డీజిల్ వైపు తిప్పి, రెండు నిమిషాలు ఇంజను నడవనివ్వాలి. గొట్టాల్లో ఉన్న నూనెను డీజిల్ తోసేస్తుంది. ఆమె దాన్ని నోరు పుక్కిలించడం అంటుంది. తిన్నవాళ్లు నోరు పుక్కిలించకుండా పడుకోకూడదని ఆమె లెక్క. పుక్కిలించకుండా ఆపితే గొట్టాల్లోనే నూనె పేరుకుపోతుంది, ఇక డీజిల్‌కి దారుండదు. దారిలో ఎక్కడా ఇంజను ఆపదు గనక ఆ మాట చెప్పాలని ఆమెకు తట్టలేదు. ఆ చలిలో నడిచే బండిని ఆపే మనిషి ఉంటాడని అసలు ఊహించలేదు.

నాలుగు మజిలీలు ఇట్టే గడిచాయి. దారి పక్కన నిలబెట్టడం, నలుగురు పిల్లలూ ఇద్దరు ముసలాళ్లూ ఎక్కి పుస్తకాలు మార్చుకోవడం, మళ్లీ కదలడం. ఐదో మజిలీ ఉర్హో లాంపినెన్ ఇల్లు. ఎనభై నాలుగేళ్ల ఉర్హోకు మోకాళ్లు పనిచేయవు, అందుకని ఆర్డిస్ పుస్తకాలు ఇంట్లోకే తీసుకెళుతుంది. తీసుకెళ్లాక కాఫీ తాగకుండా రావడం కుదరదు. ఫిన్లాండ్ వాళ్ల ఇళ్లల్లో కాఫీ అంటే ఒక కప్పు కాదు, మూడు కప్పులు, ఏలకుల రొట్టె, ఆపైన మూడు తరాల చుట్టాల యోగక్షేమాలు. గంటకు తక్కువ పట్టదు. ఆ గంటను కూడా కలుపుకునే ఆమె సమయాలు వేసుకుంది.

ఆమె పుస్తకాల సంచి భుజానేసుకుని లోపలికి వెళ్లింది. వెనకే దిగిన వెర్లిన్ ఒక్క క్షణం ఆగాడు. నిలబెట్టిన బండిలో ఐదు నిమిషాలకు మించి ఇంజను ఊరికే తిరగకూడదని కిందటేడు కౌంటీలో రూలు తెచ్చింది అతనే. బోర్డులో అతను సాధించినదంటూ ఉంటే అదొక్కటే. చెయ్యి లోపలికి పెట్టి తాళంచెవి తిప్పాడు. మంచిపని చేశానన్న తృప్తితో లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అద్దాలకు వేలెడు మందాన మంచు పట్టి ఉంది. ఉర్హోకు చెవులు వినపడక రేడియో హోరెత్తిస్తున్నాడు. బయట ఇంజను మూగబోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

గంటంబావు తర్వాత తలుపు తీసిన ఆర్డిస్ మెట్టు మీదే నిలబడిపోయింది.

"ఎవరాపారు?"

"నేనే," అన్నాడు వెర్లిన్ చేతి తొడుగులు వేసుకుంటూ. "ఇంతసేపు ఊరికే తగలబడ్డం ఎందుకని. మన రూలు ఉందిగా."

ఆమె గబగబా వెళ్లి తాళంచెవి తిప్పింది. ఇంజను మూలిగింది, ఇంకోసారి మూలిగింది, ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించలేదు. బ్యాటరీని చంపుకోవడం తెలివితక్కువ పని. మూత ఎత్తి వడపోత డబ్బా మీద వేలు పెట్టి చూసింది. రాయిలా ఉంది. అప్పుడు వెర్లిన్‌కు జరిగిందేమిటో నాలుగు మాటల్లో చెప్పింది. ఆ నాలుగింట్లో రెండు, స్కూలు బస్సులో అయితే పిల్లల ముందు అనగలిగేవి కావు.

వెర్లిన్ తాళంచెవి వైపు చూశాడు. "మీరు నాకు చెప్పలేదుగా!"

"చెప్పలేదు. అందులో పావలా వంతు తప్పు నాది. ముప్పావలా నీది."

"అయినా..." అతను సీటు మీద వదిలేసిన కాగితం అందుకున్నాడు. "బండి చలికి లేవలేదన్నది నిజమే కదండీ. నాకు బాధగానే ఉంది, కానీ రాయక తప్పదు. దీన్ని లాక్కెళ్లడానికి టో బండికి ఫోన్ చేస్తాను."

"రాయి. నీ కాగితం నువ్వు రాసుకో. టో బండి మాత్రం వద్దు, అది ఊళ్లోంచి రావడానికే రెండు గంటలు. నా ఆరో మజిలీ ఉంది." అని ఇంట్లోకి తిరిగి కేకేసింది, "ఉర్హో మావయ్యా! ఆవిరి గది అంటించావా?"

ఉర్హో గుమ్మంలోకి వచ్చాడు. "ఇవాళ శనివారం, ఆవిరి స్నానం రోజు కాదుటే? పొద్దున తొమ్మిదింటికే అంటించాను. ఈ చలికి రాళ్లు కాగడానికి రోజంతా పడుతుంది. ఏం, స్నానం చేస్తావా?"

"నేను కాదు, బండి చేస్తుంది."

ముసలాయన ఒకసారి బండిని, ఒకసారి వెర్లిన్ మొహాన్ని చూశాడు. సంగతి అర్థమైపోయింది. "ఇనప బకెట్లు రెండున్నాయి," అన్నాడు. "అబ్బాయి బలంగానే ఉన్నాడుగా, మోయిద్దాం."

ముందు ఆర్డిస్ బ్యాటరీ విప్పి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టింది. ఇంజను మూత మీద నుంచి నేలదాకా పరదాలా టార్పాలిన్ దించి, చుట్టూ మంచు ఎగదోసి గాలి చొరకుండా చేసింది. వెర్లిన్ ఆవిరి గదికి పరుగు తీశాడు. పొయ్యి మీద పేర్చిన రాళ్లు పిడికెడంతవి, తలకాయంతవి. పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి బకెట్లో వేసుకుని, పడుతూ లేస్తూ తెచ్చి ఇంజను కింద పెట్టాడు. రాళ్లు చల్లారగానే వెనక్కి తీసుకెళ్లి వేడివి తెచ్చాడు. ఆర్డిస్ ఆవిరి గది కాగులోని మరిగే నీళ్లలో తువ్వాళ్లు ముంచి, పిండి, గొట్టాలకూ వడపోత డబ్బాకూ చుట్టింది. అవి బిగుసుకునేలోపే విప్పి కొత్తవి చుట్టింది. ఉర్హో కుర్చీ వేసుకుని గుమ్మంలోంచి సలహాలు పారేశాడు.

నాలుగో విడతకు వెర్లిన్ తొడుగు కాలి కమురు వాసన వచ్చింది. "చేతులు కాలుతున్నాయండీ!" అన్నాడు.

"కాలనీ. రూళ్లు రాసే చేతులు కాస్త పదునెక్కుతాయి."

"ఇది లేస్తుందంటారా?"

"లేస్తుంది."

"లేవకపోతే?"

"లేస్తుందన్నానుగా." ఆమె మాటలో దబాయింపు లేదు. రేపు ఆదివారం అన్నంత మామూలుగా చెప్పింది. వెర్లిన్ బకెట్టు తీసుకుని వెళ్లాడు. మనసులో మాత్రం ఈ ఆడమనిషికి ఇంత ధీమా ఎక్కడిదా అనుకున్నాడు.

వడపోత డబ్బా వేలికి మెత్తగా, వెచ్చగా తగిలాక ఆర్డిస్ టార్పాలిన్ లాగేసింది. బ్యాటరీ బిగించింది. మీట డీజిల్ వైపు తిప్పి తాళంచెవి పట్టుకుంది. ఇంజను మూలిగింది, దగ్గింది, ఆగింది. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ తిప్పింది. ఈసారి తెల్లటి పొగ గుప్పున బయటికొచ్చింది, పెరడంతా వేయించిన చేపల వాసన. ఒక సిలిండరు తర్వాత ఒక సిలిండరు అందుకుని ఇంజను పాట మొదలెట్టింది. పక్కింటి కుక్క మొరిగింది. వెర్లిన్ ఖాళీ బకెట్టుతో గంతేశాడు. తర్వాత తనెవరో గుర్తొచ్చి బకెట్టు కింద పెట్టాడు.

గంటా పది నిమిషాలు పట్టింది. ఇంకో గంటలో నాలుగవుతుంది. ఆరో మజిలీ సరస్సుకు అవతల ఉంది, అక్కడ ఉన్నది ఒక్క పాఠకురాలు, సైమా హక్కాలా.

"ఆవిడ దగ్గరికి వెళ్లకుండా నేరుగా పోతే నాలుగింటికి అందుకుంటాం," అన్నాడు వెర్లిన్, బండి కదిలాక మెల్లిగా. "సోమవారం ఎవరైనా కారులో ఇచ్చి రావచ్చు. ఆరూ అయ్యాయనే రాస్తాను. నా వల్ల జరిగిందే కదా."

ఆర్డిస్ దారి మీంచి కళ్లు తిప్పలేదు. ఆరేళ్ల పని ఈ ఒక్క గంట మీద ఆధారపడి ఉందని ఆమెకు తెలియక కాదు. లోపల భయంగానే ఉంది. ఆ మాట అతనికి చెప్పదలచుకోలేదు.

"సైమా శనివారానికి పుస్తకాలు పూర్తిచేసి కూర్చుంటుంది," అంది. కూడలిలో బండిని సరస్సు దారికి తిప్పింది.

సైమా ఇంటి ముందు, ఉత్తరాల పెట్టె పక్కన ఒక చెక్క గుడిసె ఉంది, ఒకప్పుడు బడిపిల్లలు బస్సు కోసం నిలబడ్డది. అందులో ఒళ్లంతా ఉన్ని చుట్టుకున్న ఒక ముసలామె సంచి పట్టుకుని కూర్చుని ఉంది. బండి గంట ఆలస్యంగా వచ్చింది. వెర్లిన్ ఒక్క దూకున దిగాడు.

"ఇంత చలిలో ఇక్కడే కూర్చున్నారా, అమ్మా?"

"ఎందుకు కూర్చుంటానూ, నాకేమన్నా పిచ్చా? మూడుసార్లు లోపలికెళ్లి కాళ్లు కాచుకుని వచ్చాను."

"బండి రాదేమో అనుకోలేదా?"

సైమాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆర్డిస్ వైపు చూసి, మళ్లీ అతని వైపు చూసింది. "ఆలస్యమైంది అనుకున్నాను. రాకపోవడం ఏంటి?" అంది. సంచి అతని చేతిలో పెట్టింది. "ఇవి తిరిగిచ్చేవి. ఆ లావుపాటిది బాగాలేదని చెప్పు."

తిరుగుదారంతా వెర్లిన్ సైమా సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లైబ్రరీ ముందుకు చేరేసరికి నాలుగూ నలభై అయింది. ఆర్డిస్ తలుపు తీయబోతుంటే, "ఉండండి, నేను చేస్తాను," అన్నాడు. వంగి మీట డీజిల్ వైపు తిప్పి, చేతి గడియారం చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు పూర్తిగా గడిచాకే ఆమె వైపు చూసి తల ఊపాడు. ఆర్డిస్ ఇంజను ఆపింది.

లోపల లైబ్రేరియన్ బెర్నీస్ కోటు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. "నలభై నిమిషాలు ఆలస్యం," అంది దిగులుగా. వెర్లిన్ ఆమె బల్ల మీదే కాగితం పరిచి, కాలిన వేళ్లతో కలం పట్టుకుని నిలబడే రాశాడు. రాసి, సంతకం పెట్టి, ఆర్డిస్ చేతికిచ్చాడు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. 'మజిలీలు: ఆరుకు ఆరు. ఆలస్యం: నలభై నిమిషాలు. కారణం: నేను ఇంజను ఆపాను. చలికాలంలో ఈ బండిని నమ్మవచ్చా: నమ్మవచ్చు. బోర్డు సభ్యులను మాత్రం తాళంచెవి దగ్గరికి రానివ్వకూడదు.'

ఆర్డిస్ రెండుసార్లు చదివింది. రెండోసారి అక్షరాలు కాస్త మసకబారాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ చివరి వాక్యం," అంది కాగితం బెర్నీస్‌కు అందిస్తూ, "పలక మీద రాయించి బండికి తగిలిస్తాను."